గమ్యం కుడివైపే, కాకపోతే గోడ మీద

వచ్చే నెల ఒకటో తారీఖున మా ఫోన్లలోకి కొత్త నావిగేషన్ యాప్ వస్తోంది. జీతం పడే రోజు కాబట్టి ఒకటో తారీఖు కోసం ఎదురుచూడటం నాకు కొత్తేం కాదు గానీ, ఇంకో కారణంతో ఎదురుచూడటం ఇదే మొదలు. "పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావిడి పడలేదు మీరు" అంటోంది మా ఆవిడ.

ఇళ్ళకి వెళ్ళి రక్తం తీయడం నా పని. ఒక ల్యాబ్‌లో హోమ్ కలెక్షన్ టెక్నీషియన్‌ని. 2013లో చేరాను. పొద్దున్న అయిదున్నరకి విశాఖపట్నం అక్కయ్యపాలెంలో బండి తీస్తే తొమ్మిదిన్నర లోపల ఎనిమిది ఇళ్ళు, ఒక్కోరోజు పది. వెనక సీటుకి కట్టిన డబ్బాలో ఐస్ ప్యాకులు, ట్యూబులు, సూదులు, దూది, స్పిరిట్.

సూది గుచ్చడం కష్టం అనుకుంటారు అందరూ. ఈ చేతిలో నరం దొరక్కపోతే ఆ చేతిలో దొరుకుతుంది. ఇల్లు దొరకడమే కష్టం.

పైగా నేను వెళ్ళేది ఆకలితో కూర్చున్న వాళ్ళ దగ్గరికి. రాత్రి ఎనిమిదింటికి రెండు పుల్కాలు తిని, పొద్దున్నే లేచి, కాఫీ కూడా మానుకుని గుమ్మం వైపు చూస్తుంటారు షుగర్ పేషెంట్లు. పది నిమిషాలు లేటైతే ఒక ఫోన్, పదిహేనైతే రెండో ఫోన్, ఇరవై దాటితే వాళ్ళబ్బాయి అమెరికా నుంచి ఫోన్. అవతలి పక్క ల్యాబ్ వాళ్ళ గోల ఇంకోటి. తీసిన రక్తం రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబుల్ని గిర్రున తిప్పే మిషన్లో, పడి పైన తేటగా తేలే సీరం వేరవ్వాలి. దారి తప్పి గతుకుల సందుల్లో కుదుపుకుంటూ తెస్తే కణాలు చితికిపోయి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మళ్ళీ వెళ్ళి మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ తిట్లు తినాలి. కాబట్టి దారి అనేది నాకు పెట్రోలు ఖర్చు ఒక్కటే కాదు.

నేనెందుకు ఇంత ఎదురుచూస్తున్నానో తెలియాలంటే పోయిన ఆగస్టులో ఒక పొద్దున్న సంగతి చెప్పాలి.

తాటిచెట్లపాలెం దగ్గర కొండవాలు. పేషెంటు డెబ్భై దాటిన పెద్దాయన, ఫాస్టింగ్ షుగర్. ఆరుంబావుకల్లా హైవే దిగాను. ఫోన్ చెప్పినట్టే ఒక సందు, అందులోంచి ఇంకో సందు, అందులోంచి బండి హ్యాండిల్ గోడలకి రాసుకునేంత సన్నటి ఇంకో సందు. అక్కడ ఫోన్‌లో ఆడగొంతు ఎంతో మర్యాదగా "మీరు గమ్యాన్ని చేరుకున్నారు, మీ గమ్యం కుడివైపు ఉంది" అంది. కుడివైపు చూశాను. రాతిగోడ. కొండ జారకుండా కట్టిన గోడ, రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. నాచు పట్టి నల్లగా ఉంది, మధ్యమధ్య పెట్టిన గొట్టాల్లోంచి రాత్రి వాన నీళ్ళు ఇంకా కారుతున్నాయి. పైనుంచి ఎవరిదో ఆరేసిన లుంగీ అంచు వేలాడుతోంది.

ఫోన్ చేశాను. "ఒలమ్మ, కిందకెందుకెళ్ళిపోయారు బాబూ, మాది పైన కదా!" అన్నారు వాళ్ళమ్మాయి. తలెత్తితే పిట్టగోడ మీంచి ఆవిడే చెయ్యి ఊపుతున్నారు. ఫోన్ పెట్టేసి నోటితోనే మాట్లాడుకున్నాం, అంత దగ్గర. నా ఫోన్‌లో అయితే నీలం చుక్కా ఎర్ర గుర్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, ఇంకెక్కడికి వెళ్తావు అన్నట్టు.

వచ్చిన దారినే వెనక్కి. సందులో బండి తిప్పడానికి చోటు లేదు, కాళ్ళతో నెట్టుకుంటూ వచ్చాను. మళ్ళీ హైవే, ఇంకో సందు, రామాలయం, అక్కడ బండి ఆపి డబ్బా భుజానికి తగిలించుకుని మెట్లు. ఇంట్లో అడుగుపెట్టేసరికి పావుతక్కువ ఏడు. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు, అడుగున నురగ ఇంకా ఆరలేదు.

"ఏటి చెయ్యను బాబూ, నువ్వు కింద కనిపించీసరికి వచ్చేసినావు కదా అని తాగేశాను."

ఆయన్ని ఏమనగలం! న్యాయంగా అయితే నేను వచ్చేసినట్టే. మ్యాప్ కూడా అదే చెప్పింది. ఫాస్టింగ్ పోయింది, మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

ఫోన్ చేసిన తప్పేంటో ఆ తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. మా ఊరు కాగితం మీద పరిచే రకం కాదు. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ కొండలు, మధ్యలో మనుషులు ఎక్కుతూ దిగుతూ కట్టుకున్న ఇళ్ళు. కంచరపాలెంలో ఒక చోటికి పేరే మెట్టు. మ్యాప్‌కి మాత్రం అంతా చదునే. జీపీఎస్‌కి ఎత్తు తెలియదా అంటే తెలుస్తుంది గానీ, అడ్డంగా చెప్పినంత బాగా చెప్పలేదు. దానికో కారణం ఉంది. మన చోటు తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందాలి. కుడి ఎడమలు సరిచూసుకోవడానికి అన్ని దిక్కులా ఉపగ్రహాలు దొరుకుతాయి. ఎత్తు సరిచూడాలంటే కాళ్ళ కింద కూడా ఒకటి ఉండాలి, కింద ఉన్నది భూమి. అందుకని ఎత్తులో పొరపాటు ఎప్పుడూ ఎక్కువే. ఎన్.ఏ.డి. జంక్షన్ ఫ్లైఓవర్ దగ్గర బండి పైన ఉందో కింద ఉందో ఫోన్ తేల్చుకోలేక తికమక పడేది కూడా ఇందుకే.

కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది. దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబార్ తగ్గుతుంది. మిల్లీబార్లంటే మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు, ప్రతి అక్టోబరులోనూ టీవీలో వినే మాటే. అయితే వాయుగుండం పట్టిందంటే ఒత్తిడి దానంతటదే పడిపోతుంది. పాపం ఫోన్, మనం ఇంట్లో పడుకుని ఉన్నా మెట్లు ఎక్కుతున్నామనుకుంటుంది.

ఇక డోర్ నంబర్ల గురించి నన్ను కదపకండి. మొదటి అంకె వార్డు, తర్వాత బ్లాకు, తర్వాత ఇల్లు, ఆ పైన గీతలు, గీతల పక్కన అక్షరాలు. ఇల్లు పంచుకున్నప్పుడల్లా ఒక గీత చేరుతుంది. అన్నదమ్ములు ఎంతమందో డోర్ నంబర్ చూసి చెప్పేయగలను నేను. కానీ ఆ ఇంటి పక్కన తర్వాతి నంబరు ఉంటుందన్న నమ్మకం మాత్రం లేదు.

అందుకే చేరిన మొదటి నెలలోనే ఒక నోట్‌బుక్ పెట్టాను. పేషెంట్లు ఫోన్‌లో చెప్పిన గుర్తులు ఉన్నవి ఉన్నట్టు రాసుకునేవాణ్ణి. 'ఊర్వశి జంక్షన్ దాటాక ఇస్త్రీ బండి, పక్క సందు, పచ్చ గేటు, కుక్క ఉంది, కరవదు.' 'కరవదు' అన్నచోట తర్వాత ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంటుంది. ఆ మొదటి నోట్‌బుక్ నిండా చెట్లే. వేపచెట్టు దగ్గర ఎడమకి, బాదంచెట్టు ఎదురుగా మేడ, రావిచెట్టు కింద టీకొట్టు నుంచి మూడో ఇల్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళింది. మూడో రోజున డ్యూటీకి బయల్దేరితే ఊళ్ళో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఆకాశంలో ఉపగ్రహాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, జీపీఎస్‌కి సెల్ టవర్‌తో పని లేదు కదా. ఫోన్‌లో చుక్క కదులుతూనే ఉంది. కింద మ్యాప్ రాలేదు. తెల్లటి తెర మీద ఒంటరి నీలం చుక్క. ఏడాది పాటు రాసుకున్న నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, నాకు బాగా తెలిసిన సీతమ్మధారలో నేనే దారి అడిగాను.

ఇప్పుడు కొత్త యాప్ సంగతి. మా కోఆర్డినేటర్ మేడమ్ పోయిన శనివారం తన ఫోన్‌లో పది నిమిషాలు చూపించారు. ముట్టుకోనివ్వలేదు, చూపించారంతే. అందులో నా కళ్ళకి కనిపించినవి మూడు. ఊరి మ్యాప్ మొత్తం ఫోన్‌లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది. పొద్దున్నే ఆ రోజు ఇళ్ళన్నీ వరసలో పెట్టి ఇస్తుంది, ఫాస్టింగ్ వాళ్ళు ముందు, థైరాయిడ్ ఒక్కటే ఉన్నవాళ్ళు తర్వాత. ఈ వరస ఇప్పటిదాకా నేను టీ తాగుతూ బుర్రలో వేసుకునేవాణ్ణి. మూడోది, పేషెంటు బుక్ చేసుకునేటప్పుడు అడ్రసుతో పాటు డిజిపిన్ అడుగుతుంది.

డిజిపిన్ అంటే తపాలా శాఖ 2025 మే 27న తెచ్చిన కొత్త రకం పిన్. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్.ఆర్.ఎస్.సి. కలిసి తయారు చేశారు. 1972 నుంచి ఉన్న ఆరంకెల పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు పరిధిని చెబుతుంది, ఇది ఒక గడిని చెబుతుంది. దేశమంతా పట్టేలా 36 డిగ్రీల చదరం ఒకటి గీసి, నాలుగు వరసలు నాలుగు నిలువులుగా 16 గళ్ళు చేశారు. ఒక్కో గడికి ఒక గుర్తు, అంకె గానీ ఇంగ్లిషు అక్షరం గానీ. ఆ గడిని మళ్ళీ 16 చేశారు, అందులో గడిని మళ్ళీ 16. ఇలా పదిసార్లు. పదోసారికి గడి వెడల్పు సుమారు 3.8 మీటర్లకి వస్తుంది, అంటే మా హాలంత. వీధి పేరుతో పని లేదు, వార్డుతో పని లేదు, అన్నదమ్ముల గీతలతో అసలే పని లేదు. అంతా అక్షాంశ రేఖాంశాల లెక్క కాబట్టి నెట్ లేకుండా కూడా ఫోన్ కట్టేస్తుంది. ఒక ఆదివారం ఆ లెక్క కాగితం మీద నేనే వేసి చూశాను. మా ఊరు ఎక్కడ చూసినా 5తో మొదలై తర్వాత జె వస్తుంది. నేను తిరిగే పేటల్లో చాలావాటికి మూడోది 8. మిగతా ఏడింటిలోనే అసలు కథ.

అంతా బాగుంది గానీ రెండు అనుమానాలు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా మామూలు ఫోన్ చూపే చోటు 5 మీటర్లు అటూ ఇటూ అవుతుంది. గడేమో 3.8. పేషెంటు వరండాలో నిలబడి నొక్కితే పక్కింటివాళ్ళ వంటింటి పిన్ రావచ్చు. ఇంట్లో మంచం మీద పడుకుని నొక్కితే ఇక చెప్పక్కర్లేదు. రెండోది నా పాత గొడవే. ఇందులోనూ ఎత్తు లేదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒకదాని మీద ఒకటున్న అయిదు ఫ్లాట్లకీ ఒకటే పిన్. తాటిచెట్లపాలెం గోడ కింద సందుకీ పైన పెద్దాయన వరండాకీ గళ్ళు పక్కపక్కనే ఉంటాయి.

మొదటి అనుమానానికి కొంత మందు దొరికేలా ఉంది. యాప్‌తో పాటు మా ఫోన్లు కూడా మారుస్తున్నారు, ఉపగ్రహాలు సంకేతాలు పంపే ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టేవి. సందుల్లో ఇబ్బంది ఏంటంటే సంకేతం తిన్నగా రాకుండా గోడకి తగిలి తిరిగొస్తుంది, ఆ తిరిగొచ్చిన దూరాన్ని కూడా ఫోన్ లెక్కలో కలిపేసుకుంటుంది. ఎల్5లో తిన్నగా వచ్చినదేదో, గోడకి తగిలి వచ్చినదేదో బాగా తేడా తెలుస్తుంది. జీపీఎస్ లాంటిదే మన దేశం సొంతంగా పెట్టుకున్న నావిక్ మొదటి నుంచీ వాడేవాటిలో ఎల్5 కూడా ఉంది. మా మేడమ్ ఫోన్‌లో ఉపగ్రహాలు చూపించే ఉచిత యాప్ వేయించి డాబా మీదకి తీసుకెళ్ళి చూశాను. అమెరికా జెండాలు, రష్యా జెండాలు, చైనా జెండాల మధ్య మన జెండా గుర్తుతో కొన్ని కనిపించాయి. నా పాత ఫోన్‌లో ఒక్కటీ రాదు. నావిక్ ఉపగ్రహాల్లో 2014 అక్టోబరులో, సరిగ్గా మాకు హుద్‌హుద్ వచ్చిన వారంలోనే, ఒకదాన్ని శ్రీహరికోట నుంచి పంపి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలబెట్టారు. విశాఖ ఉన్నది కూడా 83 చిల్లర. అంటే మా డాబా మీద దక్షిణం వైపు తిరిగి మెడ బాగా ఎత్తి చూస్తే, 36 వేల కిలోమీటర్ల దూరంలో దాని స్థానం. కనిపించేదేం ఉండదు గానీ ఒకసారి చూశాను.

నావిక్‌లో కొత్త తరానిది ఎన్.వి.ఎస్.-02. 2025 జనవరి 29న పొద్దున్న 6:23కి వదిలారు. ఆ టైముకి నేను ఎం.వి.పి. కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారి చేతికి నరం ఉబ్బడానికి బిగించే పట్టీ, టోర్నికెట్, కట్టి ఉన్నాను. టీవీలో లెక్క నడుస్తోంది. "ఆగవయ్యా, ఎగరనీ" అన్నారాయన. ఇద్దరం ఎగిరేదాకా చూసి అప్పుడు తీసుకున్నాను. శ్రీహరికోటకి అది వందో ప్రయోగం. రాకెట్ తన పని తాను చేసింది, కానీ ఉపగ్రహంలో ఇంధనం మండటానికి కావలసిన ఆక్సిడైజర్‌ని వదిలే వాల్వులు తెరుచుకోక అది పై కక్ష్యకి ఎక్కలేకపోయింది. పేపర్లో చదివి నవ్వొచ్చింది, బాధా వేసింది. అదీ నాలాగే గోడ కింద ఉండిపోయింది.

రెండో అనుమానానికి మందు నా నోట్‌బుక్కే అంటున్నారు మా మేడమ్. కొత్త యాప్‌లో ప్రతి ఇంటికీ ఒక ఖాళీ పెట్టె ఉందట, 'చివరి దారి' అని. బండి ఆపిన చోటు నుంచి గుమ్మం దాకా ఎలా వెళ్ళాలో అందులో రాయొచ్చు, లేకపోతే గొంతుతో చెప్పొచ్చు. తర్వాత ఎవరు వెళ్ళినా అది వినిపిస్తుంది. "మీ దగ్గర నాలుగు పుస్తకాలున్నాయిగా, ఒకటో తారీఖు లోపల ఎక్కించేయండి" అన్నారు తేలిగ్గా.

మా వాళ్ళందరికీ ఈ యాప్ నచ్చలేదు. గాజువాక రూటు చూసే సీనియర్ అన్న తేల్చి చెప్పాడు. "అది దారి చూపించడానికి కాదురా, మనం ఎక్కడున్నామో చూడటానికి. ఇడ్లీ బండి దగ్గర ఎంతసేపు ఆగావో కూడా రాసుకుంటుంది." అబద్ధం కాదు, రాసుకుంటుంది. నేను వెంకోజీపాలెంలో ఏడున్నరకి పది నిమిషాలు ఆగుతాను, రెండిడ్లీ, అల్లం చట్నీ. డబ్బాలో శాంపిల్స్ పెట్టుకుని ఆగడం తప్పే. కానీ నాలుగున్నరకి లేచినవాడు తినాలి కదా. ఆ పది నిమిషాలు యాప్‌లో 'టిఫిన్' అని పెట్టమని అడుగుదామనుకుంటున్నాను. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, "పన్నెండేళ్ళ నీ పుస్తకం ఎక్కించేశాక ఇంక నీతో పనేముంది?" దానికి వెంటనే జవాబు దొరకలేదు. రెండు రోజులు పట్టింది. నరం వెతకడం ఇంకా ఏ యాప్‌కీ రాలేదు అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

2024 జులైలో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో రెండు కొత్తవి తెచ్చింది, ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పడం ఒకటి, కార్లని ఇరుకు సందుల్లోంచి తప్పించడం ఇంకోటి. రెండోది మొదలుపెట్టిన ఎనిమిది ఊళ్ళు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు, ఇండోర్, భోపాల్, భువనేశ్వర్, గువాహటి. పక్కనున్న భువనేశ్వర్ ఉంది, కాబట్టి మన వంతూ వస్తుందని ఆశ. అయినా నాకు కావలసింది దానికి తిరగేసింది. నన్ను ఇరుకు సందుల్లోకే పంపాలి, సరైన ఇరుకు సందులోకి.

నిన్న ఆదివారం నోట్‌బుక్‌లో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. కొన్నిళ్ళు ఖాళీ అయిపోయాయి. కొందరు లేరు. కైలాసపురం కొండ మీద ఒక మామ్మగారు ఉన్నారు, మూడు నెలలకోసారి వెళ్తాను. వాళ్ళింటికి డిజిపిన్ తీద్దామని సాయంత్రం వెళ్ళాను. డబ్బా లేకుండా నన్ను చూసి ఆవిడ కంగారు పడ్డారు.

"ఇవాళ కూడానా నాయనా? నేను తినీసినాను."

రక్తం కాదండీ, ఊరికే వచ్చాను అని చెప్పి, వరండాలో, డాబా మీద, గుమ్మంలో మూడుచోట్ల నొక్కి చూశాను. డాబా మీద వచ్చినదే ఖాయం చేసి, గోడకున్న క్యాలెండర్ అంచున గ్యాస్ నంబరు పక్కన పెద్దక్షరాలతో రాశాను. పది గుర్తులనీ ఆవిడ వేలు పెట్టి చూశారు.

"ఇది చెప్తే మందుల కుర్రోడు కూడా తిన్నగా వచ్చీస్తాడా?"

"వస్తాడు మామ్మగారూ. కాకపోతే కింద దాకానే. మెట్లున్నాయని దీనికి తెలీదు, అది నేను విడిగా చెప్పాలి."

"ఎన్నని చెప్తావు?"

వచ్చేటప్పుడు లెక్కపెట్టుకునే వచ్చాను. నూట నాలుగు అన్నాను.

"నూట ఏడు. కొళాయి కాడ మూడు విరిగిపోయాయి, అవి లెక్కెట్టలేదు నువ్వు."

దిగేటప్పుడు కొళాయి దగ్గర ఆగి చూశాను. నిజమే, మట్టిలో కలిసిపోయి మూడు రాళ్ళున్నాయి, ఒకటి కదులుతోంది. అక్కడే నిలబడి ఫోన్ తీసి నోట్స్‌లో కొట్టుకున్నాను: 107 మెట్లు, కొళాయి దగ్గర రెండోది కదులుతుంది, డబ్బా ఎడమ భుజానికి మార్చుకోండి.